అలర్జీ కణాల్ని అదుపులో పెట్టేది ఎవరు? పుప్పొడి, రొయ్యలు, వయ్యారిభామ... తెలిసినవాళ్ళు చెప్పండి

శ్రావణి_ప్లేనో
అందరికీ నమస్తే. మాది గుంటూరు, పెళ్ళయ్యాక డాలస్ పక్కన ప్లేనోలో ఉంటున్నాం. ఇండియాలో ఉన్నన్నాళ్ళు దుమ్ములో ధూళిలో తిరిగినా నాకు ఒక్క తుమ్ము వచ్చేది కాదు, ఇక్కడికొచ్చిన కొత్తలో కూడా బానే ఉన్నా, ఆ తర్వాతే డిసెంబర్ వచ్చిందంటే చాలు ఫిబ్రవరి దాకా కళ్ళు ఎర్రబడిపోయి, ముక్కు కారిపోయి, రాత్రిళ్ళు నిద్ర ఉండట్లేదు. ఇక్కడ మౌంటెన్ సీడార్ అని ఒక చెట్టు, చలికాలంలోనే పుప్పొడి వదులుతుంది, గాలికి కొట్టుకొచ్చేస్తుంది. అలర్జిస్టు టెస్టులు చేసి సీడార్‌కే ఐజీఈ (అలర్జీ తెప్పించే యాంటీబాడీ) ఉంది, అలర్జీ షాట్స్ మొదలుపెడదాం అంటున్నారు.

అమ్మేమో ఫోన్లో "నీకు ఇమ్యూనిటీ తగ్గిపోయిందే, చ్యవన్‌ప్రాశ్ పంపిస్తా" అంటుంది. ఇక్కడి ఫ్రెండ్స్ "ఇమ్యూనిటీ ఎక్కువైపోయింది" అంటారు. ఇంతకీ తగ్గిందా ఎక్కువైందా? మొదట్లో రానిది ఇప్పుడెందుకొచ్చింది? పైగా పడని దాన్నే ఇంజెక్షన్‌లో ఎక్కిస్తే తగ్గుతుందంటే నాకు మనసొప్పట్లేదు. కాస్త వివరంగా చెప్పగలరా ఎవరైనా, గూగుల్‌లో చదివితే ఇంకా భయమేస్తోంది.

ల్యాబ్_గోపి
శ్రావణి అక్కా, నేను హైదరాబాద్‌లో ఇమ్యునాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నా, డాక్టర్ని కాదు, కాబట్టి మందుల సంగతి వాణి మేడమ్ లాంటివాళ్ళు చెప్తారు, కణాల సంగతి నేను చెప్తా.

తగ్గడమూ కాదు, ఎక్కువవడమూ కాదు అక్కా. అదుపు ఒకచోట తప్పింది, అంతే. మిగతా ఇమ్యూనిటీ మొత్తం మామూలుగానే ఉంటుంది.

మొదట్లో ఎందుకు రాలేదంటే, అలర్జీకి ముందు శరీరం దాన్ని "నేర్చుకోవాలి". పుప్పొడి ముక్కులోకి వెళ్తే అక్కడి డెండ్రిటిక్ కణాలు దాన్ని పట్టుకెళ్ళి లింఫ్ గ్రంథుల్లో టి కణాలు అనే తెల్లరక్తకణాలకి చూపిస్తాయి. అక్కడ ఆ టి కణం టీహెచ్2 అనే రకంగా మారితే ఐఎల్-4, ఐఎల్-13 అనే సిగ్నల్స్ వదులుతుంది, ఆ సిగ్నల్ అందుకున్న బి కణం (యాంటీబాడీలు తయారుచేసేది ఇదే) మామూలు యాంటీబాడీ మానేసి ఐజీఈ తయారుచెయ్యడం మొదలుపెడుతుంది. రక్తంలో తిరిగే ఐజీఈ ఆయుష్షు రెండు రోజులే, కానీ అది వెళ్ళి, హిస్టమిన్ లాంటి రసాయనాలు నింపుకుని ఉండే మాస్ట్ సెల్ అనే కణం మీద కూర్చుందంటే వారాల తరబడి అక్కడే ఉంటుంది. ఈ మాస్ట్ సెల్స్ చర్మం, ముక్కు, ఊపిరితిత్తులు, పేగులు, అంటే బయటి ప్రపంచం తగిలే ప్రతిచోటా రక్తనాళాల పక్కనే కాపురం ఉంటాయి. మీ మొదటి సీజన్లలో జరిగిందంతా ఇదే, బయటికి ఏ లక్షణమూ కనపడదు, దీపావళికి ముందే చిచ్చుబుడ్లు కూరి పెట్టుకున్నట్టు.

తర్వాతి సీజన్లో అదే పుప్పొడి వచ్చి పక్కపక్కన ఉన్న రెండు ఐజీఈలని కలిపి పట్టుకుందంటే లోపల లిన్, సిక్ అనే ఎంజైములు లేస్తాయి, కాల్షియం పెరుగుతుంది, నిమిషాల్లో హిస్టమిన్, ట్రిప్టేజ్ బయటికొచ్చేస్తాయి, వెనకాలే వాపు పెంచే ల్యూకోట్రయీన్లు, ప్రోస్టాగ్లాండిన్ డీ2. ఇది మొదటి విడత. నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత ఇయోసినోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు వచ్చి రెండో విడత మొదలుపెడతాయి. పొద్దున వాకింగ్‌కి వెళ్తే సాయంత్రానికి మళ్ళీ ముక్కు మూసుకుపోవడం ఇందుకే.

వలస వెళ్ళిన చోట కొన్నేళ్ళకి అక్కడి అలర్జీలు పట్టుకోవడం చాలా మామూలు విషయం, మీ ఒక్కరికే కాదు.

భీమవరం_బుల్లోడు
గోపి గారు చాలా బాగా చెప్పారండి. నాదీ ఒక డౌటండి. మా బావమరిది రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో చేస్తాడు. చిన్నప్పట్నించి రొయ్యలు తింటూ పెరిగినోడే, ఇప్పుడు ఉడకబెట్టే సెక్షన్లోకి వెళ్తే చాలు పిల్లికూతలు, ఆయాసం, ఆదివారం ఇంట్లో ఉంటే తగ్గిపోద్ది, సోమవారం మళ్ళీ మొదలు. తినకుండా ఆవిరికే ఎలా వస్తదండి? ఉడికిపోతే అందులో అలర్జీ చచ్చిపోవాలి కదా? ఇంకో సంగతేంటంటే వాడు పెళ్ళిళ్ళకెళ్తే ఒక సిట్రిజన్ వేసేసుకుని రొయ్యల వేపుడు తినేస్తన్నాడండి, ఏం కాదంటాడు. మొన్నో పెళ్ళిలో పెదాలు వాచినాయి.

డాక్టర్_వాణి_బెజవాడ
బుల్లోడు గారు, ముందు మీ బావమరిదిని అలా తినడం ఆపమనండి. ఈ మాట గట్టిగా చెప్తున్నా.

రొయ్యల్లో అలర్జీ తెప్పించే ముఖ్యమైన ప్రోటీన్ ట్రోపోమయోసిన్. అది వేడికి చెడిపోదు. ఉడకబెట్టినప్పుడు ఆవిరి తుంపర్లలో కలిసి గాల్లోకి లేస్తుంది, రోజూ పీల్చేవాళ్ళకి ఊపిరితిత్తుల్లోని మాస్ట్ సెల్స్ దానికి సిద్ధమైపోతాయి. ప్లాంటులో ఎక్కువ, ఇంట్లో తక్కువ అనేది వృత్తి వల్ల వచ్చే ఆస్తమాకి గుర్తు. ఛాతీ డాక్టర్‌కి ఈ సోమవారం-ఆదివారం సంగతి తప్పకుండా చెప్పాలి, సెక్షన్ మార్పించాలి. పీతలకీ జాగ్రత్త, వాటిలోనూ దాదాపు అదే ప్రోటీన్. దుమ్ములో ఉండే మైట్స్, బొద్దింకల్లో కూడా దానికి దగ్గరి పోలిక ఉన్న ట్రోపోమయోసిన్ ఉంటుంది, అందుకే ఒకదానికి తయారైన ఐజీఈ ఇంకోదాన్ని పట్టుకోగలదు.

ఇక సిట్రిజిన్. అది మాస్ట్ సెల్‌ని ఆపదు. హిస్టమిన్ వెళ్ళి కూర్చునే హెచ్1 రిసెప్టర్ దగ్గర ఆ పని జరగనివ్వదు, అంతవరకే. దురద, దద్దుర్లు కనపడకుండా పోతాయి కాబట్టి మనిషికి ధైర్యం వస్తుంది, లోపల మాత్రం కణాలు ల్యూకోట్రయీన్లతో సహా అన్నీ వదులుతూనే ఉంటాయి, బీపీ పడిపోవడాన్నీ గొంతు వాపునీ ఆ మాత్ర ఆపలేదు. పెదాలు వాచిన మనిషికి ఈసారి అంతటితో ఆగుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

రొయ్యలు తిన్నాక ఆయాసం, గొంతు బిగుసుకోవడం, తల తిరిగి పడిపోయేలా ఉండటం, వాంతులతో పాటు ఒళ్ళంతా దద్దుర్లు, ఇలా వస్తే మందు ఒక్కటే: అడ్రినలిన్. పెద్దవాళ్ళకి 1 మి.లీ.లో 1 మి.గ్రా. ఉండే ఆంప్యూల్ నుంచి అర మి.లీ., తొడ బయటి వైపు కండలోకి. పిల్లలకి కిలో బరువుకి 0.01 మి.గ్రా. లెక్క. అది రక్తనాళాల్ని బిగించి బీపీ నిలబెడుతుంది, శ్వాసనాళాల్ని తెరుస్తుంది, పైగా మాస్ట్ సెల్ మీద ఉండే బీటా-2 రిసెప్టర్ ద్వారా లోపల సైక్లిక్ ఏఎంపీ అనే సిగ్నల్ పెంచి ఆ కణం ఇంకా వదలకుండా తగ్గిస్తుంది. అంటే మన దగ్గరున్న వాటిలో నిమిషాల్లో కణం దాకా వెళ్ళే మందు అదే. స్టెరాయిడ్ ఇంజెక్షన్ పని మొదలుపెట్టడానికి గంటలు పడుతుంది, ముందు అది ఇచ్చి కూర్చోకూడదు. మనిషిని పడుకోబెట్టి కాళ్ళు ఎత్తులో పెట్టండి, ఒక్కసారిగా లేపి నిలబెట్టొద్దు. ఆయాసం ఎక్కువుంటే కూర్చోనివ్వండి, 108కి ఫోన్ చెయ్యండి.

భీమవరం_బుల్లోడు
అమ్మో మేడమ్ గారు, ఇవాళే వాడికి ఫోన్ చేసి ఇది మొత్తం చదివి వినిపిస్తానండి.

కరీంనగర్_పత్తిచేను
మా నాయిన ముచ్చట గూడ చెప్పుండ్రి జర. పత్తి చేన్ల వయ్యారిభామ పీకినంక మొకం మీద, మెడ మీద, ముంజేతుల మీద మస్తు దురద వెడ్తది, గోకి గోకి తోలు మందమై నల్లగయింది. గోపి అన్న చెప్పినట్టు నిమిషాలల్ల రాదు, ఒక రోజు రెండ్రోజులయినంక వస్తది. ఐజీఈ టెస్ట్ చేపిస్తే నార్మల్ అచ్చింది. గట్లయితే అలర్జీ గాదంటరా?

ల్యాబ్_గోపి
అలర్జీయే తమ్ముడూ, కాకపోతే కణాలు వేరు. వయ్యారిభామలో పార్థెనిన్ అనే పదార్థం ఉంటుంది, చాలా చిన్న అణువు, చర్మంలోకి దిగి మన సొంత ప్రోటీన్లకే అతుక్కుంటుంది. అలా మారిన ప్రోటీన్‌ని టి కణాలు పరాయిదనుకుని దాడి చేస్తాయి. ఇందులో ఐజీఈకీ మాస్ట్ సెల్‌కీ పెద్ద పాత్ర లేదు, టి కణాలు పోగవ్వడానికే ఒకటి రెండు రోజులు పడుతుంది, అందుకే మీ నాయనకి ఆలస్యంగా వస్తోంది. దీనికి వీపు మీద అతికించి 48 గంటల తర్వాత తీసి చూసే ప్యాచ్ టెస్ట్ చెయ్యాలి, ఐజీఈ రిపోర్టు పనికిరాదు. చర్మం డాక్టర్‌కి చూపించండి. పీకేటప్పుడు నిండు చేతుల చొక్కా, గ్లౌజులు, మొహానికి గుడ్డ, ఇంటికొచ్చాక ఆ బట్టలు విడిగా ఉతకాలి. ఎండిన మొక్క పొడి గాల్లో ఎగిరినా చాలు వీళ్ళకి.

అదే వయ్యారిభామ పుప్పొడి కొందరికి ఐజీఈ దారిలో తుమ్ములూ తెప్పిస్తుంది. ఒకే మొక్క, రెండు వేర్వేరు దారులు.

బయాలజీ_మాష్టారు
రిటైరైన బయాలజీ టీచర్ని, తెనాలి. ఈ చర్చ చదువుతుంటే ప్రాణం లేచొచ్చింది, కాస్త చరిత్ర కలుపుతాను.

మాస్ట్ సెల్‌కి ఆ పేరు పెట్టింది పాల్ ఎర్లిక్, 1878లో, అప్పటికాయన ఇంకా వైద్య విద్యార్థి, రంగులద్ది మైక్రోస్కోప్‌లో చూస్తే కణం నిండా రేణువులు కనపడ్డాయి. మరుసటి ఏడే ఇయోసినోఫిల్‌ని కూడా ఆయనే వర్ణించాడు. అలర్జీ అనే మాట 1906లో ఫాన్ పిర్కే పెట్టాడు. నాకు అన్నిటికన్నా ఇష్టమైంది 1921 నాటి ప్రయోగం: క్యూస్ట్నర్ అనే డాక్టర్‌కి ఉడికిన చేప పడదు, ఆయన సీరం తీసి ప్రౌస్నిట్జ్ తన చర్మంలోకే ఎక్కించుకుని, మర్నాడు అదే చోట చేప సారం ఇచ్చుకుంటే అక్కడ దద్దురు లేచింది. అంటే అలర్జీని మోసుకెళ్ళేది రక్తంలో ఏదో ఉందన్నమాట. అదేంటో దొరకడానికి ఇంకా నలభై అయిదేళ్ళు పట్టింది, 1966లో డెన్వర్‌లో ఇషిజాకా దంపతులు పట్టుకున్నారు, స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిక్ వేరే దారిలో అదే యాంటీబాడీ దగ్గరికొచ్చారు, 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి ఐజీఈ అని ఖాయం చేసింది.

గోపీ, నా ప్రశ్న ఇది. ఇంత నష్టం చేసే కణాల్ని ప్రకృతి ఎందుకు ఉంచింది? పేగుల్లో పురుగుల కోసమని పాఠాల్లో చెప్పేవాణ్ణి, అంతేనా? ఇంకోటి, అందరికీ మాస్ట్ సెల్స్ ఉన్నాయి, ఎంతో కొంత ఐజీఈ ఉంది, అయినా అందరికీ అలర్జీ లేదు. మరి వీటిని ఆపుతున్నదెవరు?

ల్యాబ్_గోపి
మాష్టారూ, ఈ రెండో ప్రశ్న కోసమే నేను ఈ సబ్జెక్టులోకొచ్చా, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

పురుగుల మాట నిజమే. దానికి తోడు 2006లో ఎలుకల మీద చేసిన పనిలో తేలిందేంటంటే, మాస్ట్ సెల్స్ లేని ఎలుకలు పాము విషానికి, తేనెటీగ విషానికి చాలా తేలిగ్గా చచ్చిపోయాయి. మాస్ట్ సెల్ వదిలే కార్బాక్సీపెప్టిడేజ్ అనే ఎంజైము విషాన్ని ముక్కలు చేస్తుంది. కాబట్టి ఇవి పనికిమాలిన కణాలు కాదు.

ఆపేవి చాలా అంచెల్లో ఉన్నాయి. కణం మీదే ఉన్నవి కొన్ని. ఉదాహరణకి ఎఫ్‌సీ-గామా-ఆర్-2బి అనే రిసెప్టర్, ముఖ్యంగా బేసోఫిల్స్ మీద, ఇవి రక్తంలో తిరిగే, మాస్ట్ సెల్స్ లాంటి కణాలు. పుప్పొడిని ఒకపక్క ఐజీఈ, ఇంకోపక్క ఐజీజీ అనే మామూలు యాంటీబాడీ కలిసి పట్టుకుంటే ఈ రిసెప్టర్ లోపల షిప్-1 అనే ఎంజైముని పిలుస్తుంది, అది ఇందాక చెప్పిన సిక్ దారిని మధ్యలోనే తెంపేస్తుంది. మాస్ట్ సెల్స్ మీదా ఇయోసినోఫిల్స్ మీదా సిగ్లెక్-8 అని ఇంకోటి ఉంటుంది, దాన్ని తడితే ఇయోసినోఫిల్ చచ్చిపోతుంది, మాస్ట్ సెల్ నెమ్మదిస్తుంది. దీని మీద పనిచేసే మందు ఒకటి ట్రయల్స్‌కి వెళ్ళింది, అన్నవాహికకి వచ్చే ఇయోసినోఫిల్ జబ్బులో కణాలు బాగా తగ్గాయి గానీ రోగుల బాధ మాత్రం డమ్మీ మందు కన్నా పెద్దగా తగ్గలేదు. ఒక్క కణాన్ని తీసేస్తే జబ్బు పోతుందనే ఆశకి అది పెద్ద దెబ్బ, నన్ను చాలా ఆలోచింపజేసింది.

అన్నిటికన్నా పైన ఉండేవి రెగ్యులేటరీ టి కణాలు, టీ-రెగ్స్ అంటాం. 1995లో జపాన్‌లో సకాగుచి వీటిని సీడీ25 గుర్తుతో చూపించారు, వీటికి ప్రాణం లాంటి జీన్ ఫాక్స్‌పీ3 అని 2001లో బ్రంకో, రామ్స్‌డెల్ పట్టుకున్నారు, 2025 నోబెల్ ఈ ముగ్గురికే. ఈ జీన్ చెడిపోయి పుట్టిన మగపిల్లలకి ఐపెక్స్ అనే జబ్బు వస్తుంది. పేగులు, క్లోమం మీద సొంత ఇమ్యూనిటీయే దాడి చేస్తుంది, దాంతో పాటే ఒళ్ళంతా ఎగ్జిమా (దురదతో చర్మం పగిలే జబ్బు), ఐజీఈ విపరీతంగా పెరగడం, ఆహార అలర్జీలు. ఇది చూస్తే అర్థమవుతుంది మాష్టారూ, అలర్జీ రాకుండా ఉండటం అనేది ఊరికే జరగట్లేదు, ప్రతి మనిషిలో ప్రతిరోజూ ఈ కణాలు పనిచేసి రానివ్వట్లేదు. ఇవి ఐఎల్-10, టీజీఎఫ్-బీటా అనే సిగ్నల్స్ వదిలి టీహెచ్2 కణాల్ని తగ్గిస్తాయి, బి కణాల్ని ఐజీఈ నుంచి, ఐజీజీలోనే ఒక రకమైన ఐజీజీ4 వైపు మళ్ళిస్తాయి.

శ్రావణి అక్కా, మీ షాట్స్ చేసే పని ఇదే. తేనెటీగలు పెంచేవాళ్ళ రక్తంలో ఆ విషానికి ఐజీజీ4 చాలా ఎక్కువ ఉంటుంది, పదేపదే కుట్టించుకుని వాళ్ళ శరీరం సర్దుకుంది. మీకు అదే సర్దుబాటు కొలత ప్రకారం చేయిస్తారు. 1911లో లెనర్డ్ నూన్ గడ్డి పుప్పొడితో మొదలుపెట్టినప్పుడు ఈ కణాల పేర్లు కూడా ఎవరికీ తెలీదు, పని మాత్రం చేసింది.

శ్రావణి_ప్లేనో
గోపి తమ్ముడూ, ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థాంక్స్, మా వారికి కూడా చదివి వినిపించా. అయితే షాట్స్ ఎన్నాళ్ళు తీసుకోవాలి? ఇక్కడ అందరూ లోకల్ తేనె రోజూ ఒక చెంచా తింటే చాలు, అందులో పుప్పొడి ఉంటుంది కదా, అదే షాట్ లాగా పనిచేస్తుంది అంటున్నారు, నిజమేనా?

డాక్టర్_వాణి_బెజవాడ
తేనెలో ఉండేది తేనెటీగలు వాలే పూల పుప్పొడి. మీ సీడార్ గాలికి పుప్పొడి వదిలే చెట్టు, తేనెటీగ దాని దగ్గరికి తేనె కోసం వెళ్ళదు. కొద్దో గొప్పో పడినా ఎంత ఉందో కొలత లేదు. ఇష్టమైతే తినండమ్మా, మందనుకోవద్దు, ఏడాది లోపు పిల్లలకి మాత్రం అస్సలు పెట్టొద్దు.

షాట్స్ మొదటి కొన్ని నెలలు వారం వారం డోస్ పెంచుతూ, తర్వాత నెలకొకటి, మొత్తం మూడు నుంచి అయిదేళ్ళు. ఒక సంగతి ముందే తెలుసుకోండి, మొదట్లో మీ ఐజీఈ తగ్గదు, కొంచెం పెరుగుతుంది కూడా, ఆ రిపోర్టు చూసి మానేసినవాళ్ళని చూశాను. టీ-రెగ్స్ ముందు కదులుతాయి, ఐజీజీ4 తర్వాత పెరుగుతుంది, ఐజీఈ అన్నిటికన్నా ఆలస్యంగా దిగుతుంది. ప్రతి షాట్ తర్వాత అరగంట క్లినిక్‌లోనే కూర్చోవాలి, ఎంత తొందరున్నా సరే.

ఇంకో దారి ఒమాలిజుమాబ్ అనే ఇంజెక్షన్ మందు. అమెరికాలో 2003లో ఆస్తమాకి, 2014లో తగ్గని దద్దుర్లకి, 2024లో ఆహార అలర్జీకి అనుమతి వచ్చింది. అది రక్తంలో తిరిగే ఐజీఈని పట్టేస్తుంది. ఐజీఈ దొరక్కపోతే కణం మీద దాని రిసెప్టర్లు కూడా నిలవవు, తగ్గిపోతాయి. ఐఎల్-4, ఐఎల్-13 రెండింటి సిగ్నల్ ఆపే డుపిలుమాబ్ 2017లో ఎగ్జిమాకి వచ్చింది. ఇవి వాడినన్నాళ్ళే పనిచేస్తాయి, షాట్స్ నేర్పింది మాత్రం ఆపాక కూడా కొన్నేళ్ళు నిలుస్తుంది. ధర చూసినా మీకు షాట్సే నయం.

శ్రావణి_ప్లేనో
మేడమ్, పిల్లల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. మా పాప నెలల పిల్ల. నాకు అలర్జీ ఉంది కదా, దానికి పల్లీలు, గుడ్డు ఆలస్యంగా మొదలుపెట్టమంటోంది అమ్మ.

డాక్టర్_వాణి_బెజవాడ
ఆలస్యం చెయ్యొద్దు. ఒకప్పుడు మేమూ అలాగే చెప్పేవాళ్ళం, 2015లో లండన్ నుంచి వచ్చిన లీప్ ట్రయల్ ఆ సలహాని మార్చేసింది. ఎగ్జిమా బాగా ఉన్న, లేదా గుడ్డు పడని 640 మంది పసిపిల్లల్ని నాలుగు నుంచి పదకొండు నెలల వయసులో తీసుకుని సగం మందికి పల్లీ తినిపించారు, సగం మందికి పెట్టలేదు. అయిదేళ్ళకి పల్లీ పెట్టనివాళ్ళలో 17.2 శాతం మందికి అలర్జీ వచ్చింది, తిన్నవాళ్ళలో 3.2 శాతం. ఎగ్జిమాతో పగిలిన చర్మం గుండా ముందు పరిచయమైతే శరీరం టీహెచ్2 వైపు వెళ్తుంది, నోటి గుండా పేగుకి ముందు పరిచయమైతే టీ-రెగ్స్ వైపు వెళ్తుంది అని ఇప్పుడు ఎక్కువమంది నమ్ముతున్నారు. పాప ఘనాహారం మొదలుపెట్టాక పల్లీని మెత్తటి పేస్టుగా పల్చగా కలిపి పెట్టండి, గింజలు మాత్రం వద్దు, గొంతులో ఇరుక్కుంటాయి. పాపకి ఎగ్జిమా ఎక్కువుంటే ముందు పిల్లల డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టండి.

ఐసీయూ_మాధవి
నేను ఐసీయూ నర్సుని. రెండు డౌట్లు. వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ తొందరగా ఎక్కిస్తే మొహం, మెడ ఎర్రగా అయిపోయి దురద వస్తుంది, ఆ పేషెంట్‌కి అంతకుముందు ఎప్పుడూ ఆ మందు ఇచ్చి ఉండరు, మరి ఐజీఈ ఎక్కణ్ణుంచి వచ్చింది? రెండోది, కొందరికి ఐజీఈ వేలల్లో ఉంటుంది, అలర్జీ ఏమీ ఉండదు.

ల్యాబ్_గోపి
మాధవి గారూ, అక్కడ ఐజీఈ అవసరం లేదండి. మాస్ట్ సెల్ మీద ఎంఆర్‌జీపీఆర్‌ఎక్స్2 అని వేరే తలుపు ఉంది, వాంకోమైసిన్, సిప్రోఫ్లోక్సాసిన్, మత్తు డాక్టర్లు వాడే అట్రాక్యూరియం లాంటివి దాని గుండా నేరుగా కణాన్ని లేపుతాయి, ఈ తలుపు సంగతి 2015లో తేలింది. ముందు నేర్చుకోవాల్సిన పనే లేదు కాబట్టి మొదటి డోస్‌కే వస్తుంది. స్పీడు తగ్గించి కనీసం గంట సేపు ఎక్కిస్తే చాలామందిలో మళ్ళీ రాదు.

డాక్టర్_వాణి_బెజవాడ
రెండోదానికి నేను చెప్తా. మొత్తం ఐజీఈ వేరు, ఫలానా వస్తువుకి ఉన్న ఐజీఈ వేరు. మన దగ్గర పేగు పురుగులు, ఫైలేరియా మొత్తం ఐజీఈని బాగా పెంచేస్తాయి. ఫైలేరియా ఉన్న ప్రాంతాల నుంచి రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు, ఇయోసినోఫిల్స్ 3,000 దాటిన మనిషి వస్తే ఆస్తమా అని ఇన్‌హేలర్ రాసి పంపకుండా ఫైలేరియా వల్ల ఊపిరితిత్తులకి వచ్చే ట్రాపికల్ పల్మనరీ ఇయోసినోఫీలియా అనుమానించాలి, ఫైలేరియాకి వాడే డీఈసీ మాత్రలతో బాగవుతుంది. ప్యాకేజీ టెస్టుల్లో వచ్చిన మొత్తం ఐజీఈ నంబర్ చూసి ఇంట్లో పాలు, గుడ్లు, వంకాయ అన్నీ మానేసేవాళ్ళని చూస్తే బాధేస్తుంది.

ఐసీయూ_మాధవి
థాంక్యూ మేడమ్. చివరిగా, రాత్రి డ్యూటీలో అనాఫిలాక్సిస్ (ప్రాణం మీదికొచ్చే అలర్జీ రియాక్షన్) అని అనుమానం వస్తే ట్రిప్టేజ్‌కి రక్తం ఎప్పుడు తియ్యాలి? మా దగ్గర పొద్దున ల్యాబ్ తెరిచాక పంపుతున్నారు.

డాక్టర్_వాణి_బెజవాడ
పొద్దుటికి దిగిపోతుందమ్మా. ముందు అడ్రినలిన్ ఇచ్చి మనిషిని నిలబెట్టాక, రియాక్షన్ మొదలైన గంట రెండు గంటల్లో ఒక శాంపిల్, ఎంత ఆలస్యమైనా నాలుగు గంటల లోపు. సీరం విడదీసి ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున పంపినా పర్లేదు, ట్యూబ్ మీద టైమ్ రాయండి. పూర్తిగా కోలుకున్న 24 గంటల తర్వాత ఇంకోటి. రెండోదాన్ని 1.2తో గుణించి 2 కలపండి, మొదటి శాంపిల్ ఆ లెక్క కన్నా ఎక్కువుంటే మాస్ట్ సెల్స్ లేచినట్టే. అంత రాకపోయినా అనాఫిలాక్సిస్ కాదని కొట్టిపారెయ్యొద్దు, ముఖ్యంగా ఆహారం వల్ల వచ్చినవాటిలో ట్రిప్టేజ్ చాలాసార్లు పెరగదు.

భీమవరం_బుల్లోడు
మేడమ్ గారు, బావమరిది వింటున్నాడండి. వచ్చే వారం ఛాతీ డాక్టర్ గారి దగ్గరికి తీసుకెళ్తన్నాను, చర్మం మీద గుచ్చే టెస్ట్ చేస్తారంట. సిట్రిజన్ వేసుకుంటా వెళ్ళొచ్చా అండి?

డాక్టర్_వాణి_బెజవాడ
వద్దండి, టెస్ట్‌కి వారం ముందే ఆపించండి, లేదంటే అలర్జీ ఉన్నా దద్దురు లేవదు. ఇన్‌హేలర్ వాడుతుంటే అది ఆపొద్దు. పిల్లికూతలు ఉన్న రోజు టెస్ట్ చెయ్యరు, ముందు ఊపిరి కుదుటపడాలి. ఈ వారం ఉడకబెట్టే సెక్షన్‌కి సెలవు పెట్టమనండి.

భీమవరం_బుల్లోడు
అలాగేనండి, పెట్టిస్తాను.